పదకొండు గుంతలు, పది గడ్డలు

అది శ్రావణంలో నాలుగో ఆదివారం. సాఫ్ట్‌వేర్ జీతాలతో చిన్న మంగళారం చుట్టూ ఫామ్‌హౌస్‌లు లేస్తున్న రోజులు. అలాంటి ఒకదాంట్లో మా తోటికోడలు వంట చేసేది. ఆ రోజు ఇరవై రెండు మంది భోజనానికి వస్తున్నారంటే ఎంకపల్లి నుంచి నేనూ సాయానికి వెళ్ళాను.

వంటింట్లో అడుగుపెట్టగానే గాజు సీసాలో పూలు కనిపించాయి. మొదట్లో పసుపు, కొసన ఎరుపు. ఆరు రేకులూ అలలు తిరిగిన అంచులతో మంటలా పైకి లేచి ఉన్నాయి. పక్కన బేసిన్లో గడ్డలు.

"గివి యాడికెల్లి వచ్చినయే?" అన్నాను.

"సారు గుట్ట మీదికెల్లి తవ్వుకొచ్చిండక్కా. అడవి పెండలమట. పులుసు పెట్టుమన్నడు."

ఇంతలో యజమాని బూట్లతోనే వంటింట్లోకి వచ్చాడు. ముప్పై దాటి ఉండవు. "పక్కా ఆర్గానిక్, ఆంటీ! నెట్‌లో చూశాను. తీగకి గడ్డ ఉంటే పెండలమే."

నాకు ఒళ్ళు మండింది. పెండలం ఆకు తమలపాకులా ఉంటుంది. ఇది బల్లెంలా సన్నగా ఉండి, కొసన మీసంలా చుట్టుకుంటుంది. సీసాలోంచి ఒక తీగ లాగి, ఆ మీసాన్ని నా వేలికి చుట్టి చూపించాను. పువ్వు మధ్యలోంచి వచ్చి, విరిగినట్టు పక్కకు అడ్డంగా తిరిగిన సన్నని కాడను చూపించాను. గడ్డ చూస్తే నాగలిలా రెండు పాయలు. అడవినాభి. తిన్నవాళ్ళు బతకరని చెప్పాను. మేకలు కాసే వయసులో నేను దాని మీద చెయ్యి వేస్తే మా అవ్వ వీపు పగలగొట్టేది.

"ష్యూరా, ఆంటీ?"

"ఎన్ని తవ్వినవ్ బిడ్డా?"

"ఏడో, ఎనిమిదో. లెక్కపెట్టలేదు."

విషాన్ని తవ్వి వంటింటికి పంపినవాడికి లెక్క కూడా లేదు. గుట్ట ప్రహరీ వెనకే. ఎక్కి గుంతలు రెండుసార్లు లెక్కపెట్టాను. పదకొండు. గుంతకొక గడ్డ. దిగి వచ్చి బేసిన్ చూస్తే పది.

తోటికోడలు ముఖం పాలిపోయింది. "ఒక్కటి తరిగి పులుసుల ఏసిన అక్కా."

యజమాని గిన్నెలోకి తొంగి చూశాడు. "మొత్తం పారబోయడం ఎందుకు? ముక్కలు ఏరేస్తే చాలదా? గెస్టులు గేటు దగ్గరికి వచ్చేశారు."

"మరి ముందు నువ్వు తాగు," అన్నాను. అతను గిన్నె దగ్గర్నుంచి వెనక్కి జరిగాడు.

మేమిద్దరం గిన్నెను చెరో చెవి పట్టుకుని బయటికి మోశాం. కుక్కలు నాకకుండా గుంత తీసి, పులుసూ పది గడ్డలూ అందులో వేసి పూడ్చాలి. పార తీసుకున్నాను.

"ఆంటీ, లాన్‌లో వద్దు! కొత్త గడ్డి, నిన్ననే వేయించాను!" వెనక నుంచి అరుస్తున్నాడు.

నేను అక్కడే తవ్వాను. మట్టి మెత్తగా ఉంది.