ఎడమ రెక్కలో ఏడో ఈక

పదకొండేళ్లుగా నా దగ్గర ఒక జవాబు ఉంది. ఎవరూ అడగడం లేదు, నేను చెప్పడం లేదు. ఒక్కసారి మా ఆవిడకు చెప్పబోయాను. సగం విని, "బొమ్మల పుస్తకం గురించా? ఇంకా ఏం ఘోరం చేశారో అనుకున్నాను" అని వంటింట్లోకి వెళ్లిపోయింది. అప్పటినుంచి ఇదో చిరాకు నాకు. తప్పు చిన్నదైతే బరువూ చిన్నదే అయ్యుండాలి కదా? మరి ఎందుకు కాలేదు? మీరూ నవ్వుతారేమో. నవ్వండి, కానీ చివరిదాకా వినండి.

గుడివాడలో బస్టాండు వెనక సందులో ఒక అద్దె పుస్తకాల షాపు ఉండేది. అది నడిపే ఆయన్ని మేమంతా లైబ్రరీ మావయ్య అనేవాళ్లం. తొంభైల మధ్యలో, నేను డిగ్రీ చదివే రోజుల్లో, ఆ షాపులో డిటెక్టివ్ నవలల కన్నా ఎక్కువ చేతులు మారింది ఉక్కురెక్క కామిక్సు. వీపున ఇనుప రెక్కలు కట్టుకుని నగరాన్ని కాపాడే వీరుడు ఉక్కురెక్క. ఏ దేశం వాడో తెలియదు గానీ తెలుగులోకి వచ్చాక మావాడైపోయాడు. ఆదివారం పొద్దున షాపు ముందు బల్ల మీద కూర్చుని అతని గురించి ఒకరినొకరం ప్రశ్నలు వేసుకునేవాళ్లం. ముసుగు రంగు ఎన్నో సంచికలో మారింది? తమ్ముడి పేరేమిటి? మావయ్య మార్కులు వేసేవారు. ఆయన నియమం ఒకటే. జవాబు పుస్తకంలో చూపించాలి. చూపిస్తేనే ఒప్పు.

ఏడాది చివర ఎక్కువ మార్కులు వచ్చినవాళ్లకు ఒక హక్కు దక్కేది. వచ్చే ఏడాదంతా కొత్త సంచికను అందరికన్నా ముందు చదవొచ్చు. అంతే. దానికోసం నేను పరీక్షలకు కూడా చదవనంత చదివాను.

నాకు పోటీ వసుంధర ఒక్కతే. మా కాలేజీయే, ఊరు గుడ్లవల్లేరు. ఆదివారం హిందీ క్లాసుకని బస్సెక్కి వచ్చి, క్లాసుకు ముందు ఓ గంట మా బల్ల దగ్గర కూర్చునేది. అంతమంది మగపిల్లల్లో ఒక్క ఆడపిల్ల. నెమ్మదిగా మాట్లాడేది, తప్పు చెప్పేది కాదు. ఆ నెమ్మది చూస్తే నాకు ఒళ్లు మండేది.

డిసెంబరులో చివరి పోటీ నాటికి ఇద్దరి మార్కులూ సమానం. మావయ్య ఆఖరి ప్రశ్న అడిగారు. ఉక్కురెక్క ఎడమ రెక్కలో ఏడో ఈక ఎందుకు లేదు?

గాజుకన్ను అనే దుర్మార్గుడు కొట్టిన దెబ్బకు విరిగిపోయిందని నేను చెప్పాను. ఈక ఎగిరిపోతున్న బొమ్మ కూడా చూపించాను. వసుంధర తల అడ్డంగా ఊపింది. అప్పుడు ఎగిరింది ఎనిమిదోది, దాన్ని మళ్లీ అతికించాడు అంది. ఏడోది అతను తనే పీకి, తనకు రెక్కలు చేసిచ్చిన ముసలి కమ్మరి చనిపోతే ఆయన చేతిలో పెట్టి వచ్చాడట. అది కథలో లేదు, పాఠకుల ప్రశ్నకు జవాబుగా ఇదే సంచిక వెనక అట్ట లోపలి వైపు వేశారు, బందరులో పిన్నిగారింట్లో చదివాను అంది.

మావయ్య పుస్తకం తిరగేశారు. అట్ట ఉంటే కదా. అద్దె పుస్తకాలు నాలుగు రోజుల్లో చినిగిపోతాయని నాలుగేసి సంచికలు కలిపి బైండు చేయించేవారు. ఆ నున్నటి అట్టలకు జిగురు పట్టదని బైండింగు మస్తాన్ వాటిని ముందే చించి, వేరే పుస్తకాల దళసరి అట్టలకు లోపల అస్తరుగా అంటించేవాడు. అద్దెకు చదివే మేమెవరం ఆ వెనక పేజీ ముఖం చూసినవాళ్లం కాదు. పైఆదివారం దాకా గడువిచ్చారు మావయ్య. వసుంధర పుస్తకం తెచ్చి చూపిస్తే ఆమెది ఒప్పు, లేకపోతే నాది.

ఇంతవరకు నా తప్పు లేదు. నేను చెప్పింది నిజమనే నమ్మాను.

ఆ మధ్యాహ్నం ఇంటికి వెళ్లి నా ట్రంకుపెట్టె తీశాను. బందరులో పాత పేపర్ల కొట్లో కొన్న విడి సంచికలు కొన్ని ఉన్నాయి అందులో. ఆ సంచికా ఉంది, అట్టతో సహా. వెనక అట్ట లోపలి వైపు, కింద మూలన, చిన్న అక్షరాల్లో ఆమె చెప్పింది చెప్పినట్టు ఉంది. నాలుగుసార్లు చదివాను. పెట్టె మూశాను.

మంగళవారం కాలేజీ సైకిల్ స్టాండు దగ్గర నన్ను ఆపింది.

"మీ దగ్గర విడి పుస్తకాలు ఉన్నాయంట కదండీ. ఆ సంచిక ఉందేమో చూశారా? మా పిన్ని వాళ్లు పాత పేపర్లలో వేసేశారంట."

"ఉందండీ. చూశాను."

"వెనక అట్ట ఉందా?"

"ఉంది. మీరు చెప్పింది మాత్రం లేదు. సబ్బు ప్రకటన ఉంది."

"సరిగ్గా చూశారా? కింద మూలన ఉంటది, చిన్న అక్షరాలు."

"చూశానండీ. లేదు."

"పోనీ, ఆదివారం తీసుకొస్తారా? నేనూ ఒకసారి చూస్తాను" అంది.

"బైండింగుకి ఇచ్చేశాను."

సబ్బు ప్రకటన ఎక్కడినుంచి వచ్చింది నాకు? ఆలోచించే పని కూడా లేకుండా ఎలా వచ్చింది? ఇవ్వని పుస్తకాన్ని ఇచ్చానన్నాను కాబట్టి ఇక ఇవ్వక తప్పలేదు. ఆ సాయంత్రమే ఇంకో మూడు సంచికలు కలిపి మస్తాన్ దగ్గరికి పట్టుకెళ్లాను. అట్టలు కావాలా బాబూ అని అడిగాడు. వద్దన్నాను. నా కళ్లముందే చించి పక్కన కుప్పలో పడేశాడు. చించిన చెయ్యి నాది కాదని ఎన్నాళ్లు చెప్పుకున్నానో. ఇంకో సంగతి కూడా నన్ను తినేస్తుంది. బందరులో పాత పేపర్లలో వేసిన పుస్తకం, బందరులో పాత పేపర్ల కొట్లో నేను కొన్న పుస్తకం. అది ఆమె చదివిన పుస్తకమే ఎందుకు కాకూడదు?

ఆదివారం ఆమె ఉత్తచేతులతో వచ్చింది. నేను అందరి ముందూ సబ్బు ప్రకటన సంగతి మళ్లీ చెప్పాను. ఎవడో "కోతల వసుంధర" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆమె మా బల్ల దగ్గరికి రావడం అదే ఆఖరు. ఆ పేరు మాత్రం కాలేజీకి వచ్చింది. డిగ్రీ అయ్యేదాకా ఆమె క్లాసులో నోరు విప్పితే చాలు, వెనక బెంచీల్లో ఎవరో ఒకరు కొడవలితో కోస్తున్నట్టు చెయ్యి ఊపేవారు. నేను ఆపలేదు. ఆపితే ఎందుకని అడుగుతారు కదా.

జనవరి సంచిక ముందుగా నా చేతికే వచ్చింది. కథ ఏమిటో ఇప్పుడు ఒక్క ముక్క గుర్తులేదు.

కేబుల్ టీవీలు వచ్చాక మావయ్య షాపు మూసేశారు. బైండు పుస్తకాలన్నీ నేనే కొన్నాను. తడిగుడ్డ పెట్టి ఒక్కో అట్టా నానబెట్టి, లోపలి అస్తరు ఒలిచి చూశాను. ఎన్నెన్నో సంచికల అట్టలు బయటపడ్డాయి, పాత క్యాలెండరు దేవుళ్లు బయటపడ్డారు. ఆ పేజీ దొరకలేదు. దొరికితే ఏం చేసేవాణ్ణి? పట్టుకెళ్లి ఇచ్చేవాణ్ణా? ఇచ్చేవాణ్ణనే అనుకుంటాను. అనుకోవడానికేం, ఖర్చా?

ఎందుకంటే పోయిన ఏడాది బందరు బస్టాండులో ఆమె ఎదురైంది. ఏదో స్కూల్లో టీచరుగా చేస్తోందట. తనే గుర్తుపట్టి పలకరించింది. ఉక్కురెక్క పిచ్చి ఇంకా ఉందాండీ అని నవ్వింది.

"నేనెంత గట్టిగా వాదించానో చూడండి, లేనిదాన్ని చూశానని. మా పిల్లలకు ఇప్పటికీ చెబుతుంటాను. కళ్లతో చూశామనుకున్నదంతా నిజం కాదర్రా, నేనే పెద్ద ఉదాహరణ అని."

నా మీద కోపం ఉంటే బాగుండేది. అనుమానమైనా ఉంటే బాగుండేది. ఆమె తన కళ్లనే నమ్మడం మానేసింది, అది పాఠంగా పిల్లలకు చెబుతోంది. నోటిదాకా వచ్చింది నాకు. ఇంతలో గుడివాడ బస్సు వచ్చింది. ఎక్కేశాను. సీటు కూడా దొరికింది.

ఆ రోజునుంచి నా మీద నాకు పట్టరాని కోపం. ఆమె చిరునామా కనుక్కోవడం కష్టం కాదు. కనుక్కోలేదు. ఇలా పేరు లేకుండా మీకు చెప్పడం కూడా పిరికితనమే, తెలుసు. ఇది ఆమె కంటపడుతుందన్న నమ్మకమూ లేదు. అయినా రాస్తుంటే ఊపిరి కాస్త ఆడుతోంది, ఆ మాత్రం ఒప్పుకుంటాను.

మావయ్య నియమం ప్రకారం ఇది చెల్లదు. చూపించడానికి పేజీ లేదు. నా మాట ఒక్కటే ఉంది, దాని విలువ ఎంతో ఇప్పటిదాకా మీరే విన్నారు. అయినా చెబుతున్నాను. ఏడో ఈక విరగలేదు. అతను తనే పీకి కమ్మరి చేతిలో పెట్టాడు. వెనక అట్ట లోపలి వైపు, కింద మూలన, చిన్న అక్షరాల్లో ఉంది.

నేను చూశాను.