వాడు పలికేదాకా

మా టీచరమ్మ పోయారని మొన్న పొద్దున అమ్మ ఫోన్ చేసింది. "మన టీచరమ్మ పోయింది పాపా. తమ్మునికి ఇంగా చెప్పలే. నాకు నోరు రాలేదు, నువ్వొచ్చి చెప్పు" అంది. ఆదోనిలో బస్సెక్కాను. దారిలో ఫోన్ చేసిన ప్రతి ఒక్కరూ ఒకే మాట అన్నారు, శానా జాలిగుండె మనిషి అని. నాకు ఒళ్లు మండింది. ఆమెకు జాలి అంటే గిట్టదు. పోయిన మనిషికి బతికుండగా గిట్టని పేరు తగిలిస్తే ఊరుకునేది లేదు. అందుకే ఈ నాలుగు ముక్కలు.

మా తమ్ముడికి పుట్టుకతోనే నడక నిదానం, మాట మరీ నిదానం. బుద్ధి కూడా ఎదగదని పెద్దాసుపత్రిలో చెప్పారట. ఊళ్లో వాడికి రకరకాల పేర్లుండేవి. అవి ఇక్కడ రాయను. అమ్మా నాన్నా కూలికి పోయేటప్పుడు వాడి నడుముకు పాత చీర చుట్టి, రెండో కొసను మంచం కోడుకు ముడేసేవారు. దానికి మా అమ్మను తప్పు పట్టకండి. ఇంటి వెనకే గట్టు లేని బావి ఉండేది. ఇది రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. నేనప్పుడు ఐదో తరగతి, వాడికి ఎనిమిదేళ్లు.

ఆ ఏడు కొత్తగా వచ్చిన టీచరమ్మ బడి ఈడు పిల్లల పేర్లు రాసుకుంటూ మా ఇంటికొచ్చారు. కడప వైపు మనిషి. అమ్మ అప్పుడే వాణ్ని కట్టేసి కూలికి బయల్దేరబోతోంది. ముడి చూశారు. గొడుగు గోడకు ఆనించి కింద కూర్చుని విప్పడం మొదలుపెట్టారు. రోజూ గుంజి గుంజి బిగుసుకున్న ముడి, ఒక పట్టాన రాలేదు. చివరికి పంటితో లాగారు.

"రేపట్నుంచి వీడు బడికి రావల్ల" అన్నారు.

"వాడేం సదువుతాడు తల్లీ?" అంది అమ్మ.

"సదివేది తర్వాత. ముందు పేరు పిలిస్తే పలకనీ."

మా బడి అంటే ఒక గది, ఐదు తరగతులు, ఒక టీచరమ్మ. పొద్దున్నే హాజరు. పేరు పిలవగానే అందరం 'ప్రజెంట్ టీచర్' అని గబగబా అరిచేవాళ్లం. తమ్ముడి పేరు దగ్గర బండి నిలిచిపోయేది. వాడు ముందు తలెత్తాలి, తర్వాత పెదాలు కూడదీసుకోవాలి, గొంతులోంచి ఏదో గురగుర రావాలి. చివరికి 'ఉండా' అనేవాడు. అంతసేపూ టీచరమ్మ కలం రిజిస్టరు మీద పెట్టి వాడినే చూస్తుండేవారు. మధ్యలో అందించేది లేదు, 'సరేలే' అనేది లేదు. పిల్లలు నవ్వితే అటు తిరిగేవారు కూడా కాదు. ఒకడు వాడిలాగే మూతి వంకర తిప్పి చూపించేవాడు. నేను నేల చూస్తూ చచ్చిపోయేదాన్ని.

ఒకరోజు ఆ సిగ్గు పట్టలేక, వాడి పేరు పిలవగానే నేనే 'ప్రజెంట్ టీచర్' అనేశాను. సాయం చేశాననే అనుకున్నాను. టీచరమ్మ తలెత్తి, "నీ నోరు వాని హాజరుకు పనికిరాదు" అన్నారు. నా పేరు దగ్గర గైర్హాజరు వేశారు. "పొద్దంతా ఈన్నే కూర్చో. కానీ ఈ పొద్దు నువ్వు రాలేదు. వాడు ఉండంగానే లేకుండా చేస్తివే, అది ఎట్లుంటాదో చూడు." ఆ రోజంతా ఆమె నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు, నా పలక చూడలేదు. ఇంటికి పోయేటప్పుడు ఏడుపొచ్చింది. వాడికి ఎనిమిదేళ్లుగా ఇదే కదా అని అప్పుడు తట్టింది. ఆమె మీద కోపం మాత్రం నెల రోజులు పోలేదు, అబద్ధమెందుకు.

పెద్దవాళ్లూ గొడవకు వచ్చారు. అంగడి శెట్టి బడి వాకిట్లో నిలబడి, "ఈ పిల్లోని కోసం మా పిల్లోళ్ల సదువు నిలిచిపోతాండాది టీచరమ్మా" అన్నాడు.

"ఏమప్పా, తూకమేసేటప్పుడు ముల్లు నిలబడేదాకా ఆగుతావా, ఆగవా?"

"ఆగకుంటే ఎట్ల?"

"ఈడా అంతే. పో, బేరం చూసుకో."

శెట్టి పోయాడు. ఫిర్యాదు మాత్రం పైకి పోయింది. కొన్నాళ్లకు తనిఖీకి ఆఫీసరు దిగారు. "ఇట్లాంటి పిల్లలకు వేరే బడి ఉందమ్మా, దూరంగా. ఇక్కడ పేరు కొట్టేయండి" అన్నారు. ఆ బడికి పంపే దారి మాకు లేదని ఊరందరికీ తెలుసు. పేరు కొట్టేస్తే వాడు పోయేది ఆ బడికి కాదు, మంచం కోడు దగ్గరికి.

"ఆ బడి మంచిదే కావచ్చు సార్. ఆడ వీని అక్క ఉండదు" అన్నారు టీచరమ్మ. "కొట్టేయల్లంటే మీ చేత్తో కొట్టేయండి. నా చెయ్యి రాదు."

ఆయన ముఖం ఎర్రబడింది. రిజిస్టరు లాక్కుని తానే హాజరు పిలవసాగారు. తమ్ముడి పేరు వచ్చింది. వాడు తలెత్తాడు. ఆయన ఆగకుండా తర్వాతి పేరు పిలిచారు. అది మూతి వంకర తిప్పిన పిల్లవాడి పేరు. వాడు పలకలేదు. మళ్లీ పిలిచారు. పలకలేదు.

"చెవుడా?" అన్నారు ఆయన.

"ఆడు ఇంగా చెప్తాండాడు సార్. ఆగండి" అన్నాడు ఆ పిల్లవాడు.

గదిలో ఒక్కరూ కదల్లేదు. టీచరమ్మ కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. ఇది ఆమె చెప్పి చేయించింది కాదు, నేను ఒట్టేసి చెప్తాను. చాలాసేపటికి తమ్ముడు 'ఉండా' అన్నాడు. ఆ వెంటనే ఆ పిల్లవాడు 'ప్రజెంట్ సార్' అని అరిచాడు. ఆఫీసరు సంతకం పెట్టి, పేరు జోలికి పోకుండా వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం ఆమె మాకు తలా గుప్పెడు శెనక్కాయలు పెట్టి, "జాలి పడేది సులువు. ఆగేది కష్టం. మీరు కష్టమైంది చేసినారు" అన్నారు. ఆమె నోట నేను విన్న మెప్పుదల అదొక్కటే.

తమ్ముడు పెద్ద చదువులేం చదవలేదు. తన పేరు రాస్తాడు, బస్సు బోర్డు చదువుతాడు. ఇప్పుడు ఏడు మేకలు కాస్తాడు. సాయంత్రం దొడ్లో ఒక్కోదాన్నీ పేరు పెట్టి పిలుస్తాడు. అది 'మే' అనేదాకా రెండోదాన్ని పిలవడు. చీకటి పడినా సరే.

మొన్న ఊరు చేరి తమ్ముడికి సంగతి చెప్పి, వాణ్ని వెంటబెట్టుకుని ఆలూరు పోయాను. రిటైరయ్యాక ఆమె ఉన్నదీ, పోయిందీ అక్కడే. మేం చేరేసరికి గుంతలోకి దించేశారు. మూతి వంకర తిప్పినవాడు, అంగడి శెట్టి, అందరూ మన్ను వేసి పక్కకు జరిగారు. తమ్ముడు గుప్పెట్లో మన్ను పట్టుకుని అంచున నిలబడ్డాడు. వేయలేదు. పెదాలు కూడదీసుకున్నాడు.

"టీచరమ్మా" అని పిలిచాడు.

పిలిచి, ఆమెను చూసినట్టే కిందికి చూస్తూ నిలబడ్డాడు. వెనక నుంచి ఎవరో, "మన్నెయ్యప్పా, పొద్దు పోతాండాది" అన్నారు.

"పోనీ" అన్నాను నేను. పార పట్టుకున్నవాళ్లు పారలు దించారు. వాడి గుప్పెట తెరుచుకునేదాకా ఎవరమూ కదల్లేదు.