ఓడేవాళ్ల పార్టీ పోశన్న

గెలిచేవాళ్ల పక్కన పోశన్న నిలబడగా చూసినవాళ్లు బహ్రెయిన్‌లో ఎవరూ లేరు. సల్మాబాద్ లేబర్ క్యాంపులో క్యారమ్స్ ఆడుతుంటే, ఓడిపోతున్నవాడి వెనక చేరతాడు. వాడు కాస్త పుంజుకోగానే, ఇక నీకు నాతో పనిలేదన్నట్టు లేచి అవతలివాడి వెనక్కి పోతాడు. క్రికెట్ చూస్తే ఒక్క మ్యాచ్‌లోనే నాలుగుసార్లు దేశం మారిపోతాడు. మెస్సులో మాడిన చపాతీని ఎవరూ ముట్టుకోకపోతే, పాపం అని దాన్నే ముందు తీసుకుంటాడు.

పోశన్న వెనక నిలబడితే ఓటమి ఖాయమని ఆయన రూములోనే ఉండే పరమేశ్ సిద్ధాంతం. ఆయన వెళ్లేదే ఓడిపోతున్నవాడి దగ్గరికి కాబట్టి ఆ సిద్ధాంతం ఎన్నడూ తప్పలేదు.

అదే రూములో ఉండే నర్సింగ్ కూతురు వినోద టీవీ డాన్సు పోటీలో సెమీఫైనల్ దాకా వచ్చింది. మార్కులు జడ్జీలు వేసినా, ఉండేదెవరో పోయేదెవరో తేల్చేవి చూసేవాళ్ల ఓట్లే. ఫైనల్‌కొస్తే తల్లిదండ్రుల్ని స్టేజి మీదికి పిలుస్తారు. "వస్తవా బాపూ?" అని వినోద ఫోన్‌లో అడిగిన రోజే నర్సింగ్ మేనేజరు కాళ్లావేళ్లా పడ్డాడు. ఫైనల్‌కొస్తే సెలవిస్తానని ఆయన మాటిచ్చాడు.

రూమంతా వినోదకే ఓటు. కాకపోతే పోశన్న కన్ను పడకూడదని, ఆయన స్నానానికి పోయినప్పుడు గుట్టుగా మిస్డ్ కాల్ కొట్టేవాళ్లు. అవతల ఒక ఆడమనిషి అరబ్బీలో ఏదో చెప్పి పెట్టేసేది. ఓటు అందినట్టుందని గంగాప్రసాద్ ఆమెకు అరబ్బీలోనే షుక్రన్ అని థాంక్స్ కూడా చెప్పేవాడు. పోశన్న మాత్రం ప్రతివారం అట్టడుగున ఉన్న పిల్లకో పిల్లగాడికో బాహాటంగా ప్రచారం చేసేవాడు. ఒకే కంచంలో తినే మనిషి తన బిడ్డకు ఒక్క ఓటు వేయడని నర్సింగ్‌కు లోపల మండేది.

సెమీఫైనల్లో, ఆట మధ్యలో వినోద కాలు జారి పడింది. లేచి పూర్తిచేసింది కానీ మార్కుల్లో అందరికంటే కిందికి పోయింది. సర్దిన బట్టల పెట్టెను నర్సింగ్ మంచం కిందికి తోసేశాడు. పోశన్న ముఖం మాత్రం పెళ్లింటిలా వెలిగింది.

"ఇగ నీ బిడ్డ నా పార్టీ, తమ్మీ."

దూరంగా ఉండమని పరమేశ్ దండం పెట్టాడు. పోశన్న వినిపించుకుంటేగా. ఇన్నాళ్లూ ఓట్లెలా వేశారో చూపించమన్నాడు. గంగాప్రసాద్ మిస్డ్ కాల్ కొట్టి, స్పీకరు పెట్టాడు. అరబ్బీ వచ్చిన పోశన్న విని తల పట్టుకున్నాడు.

"నంబరు కలుస్తలేదని మొత్తుకుంటున్నదిరా ఆమె. బహ్రెయిన్ నంబరుతోటి ఓటు పడది. యాప్‌ల వెయ్యాలె, ఇండియా సిమ్ముతోటి."

ఇన్నేళ్లుగా ఓడేవాళ్లను నెగ్గించాలని చూసే మనిషికి ఓటు ఎక్కడ మురిగిపోతుందో తెలియదా. క్యాంపు మొత్తంలో ఆ ఒక్క మనిషి దగ్గరే సంగతి దాచిపెట్టారు.

మర్నాడు శుక్రవారం, అందరికీ సెలవు; ఓట్లకు గడువు ఆ రాత్రి దాకా ఉంది. పోశన్న సిమ్ము తీసే సూదిని తాడుకు కట్టి మెళ్లో వేసుకుని బయల్దేరాడు. బ్యాంకు ఓటీపీ కోసమని ప్రతివాడూ ఇండియా సిమ్ము దాచుకునే ఉంటాడు. పర్సులో, దిండు గలీబులో, దేవుడి పటం వెనక ఉన్న సిమ్ములన్నీ సల్మాబాద్ నుంచి సిత్రా దాకా క్యాంపుల్లో ఆ రోజు బయటికొచ్చాయి. సనాబిస్‌లో ఆఫీసు ఉద్యోగుల ఇళ్ల బెల్లు కూడా కొట్టాడు. గెలిచే పిల్లయితే అడిగేవాణ్నే కాదమ్మా అని అక్కడ తలుపు తీసిన సూర్యప్రభ గారితో చెప్పి, ఆవిడ అత్తగారి ఫోన్ కూడా అడిగి తీసుకున్నాడు.

ఫలితాల్లో ఫైనల్‌కు వెళ్లేవాళ్లలో వినోద పేరు అందరికంటే చివర పిలిచారు. పిలిచారు, అంతే చాలు. నర్సింగ్ ఏడుస్తూ పోశన్నను వాటేసుకున్నాడు.

"అన్నా, నీకెందుకే ఈ ఓడెటోళ్ల పిచ్చి?"

"గెలిచెటోళ్లకు అందరుంటరు తమ్మీ. ఓడెటోళ్లు ఎనకకు తిరిగి చూస్తే ఒక్కడన్న కనవడాలె గద."

అందరూ తిక్క అనుకున్నదాని లోపల ఇంత ప్రేమ ఉందని నర్సింగ్‌కు అప్పుడు తెలిసింది. తన కోపం తలుచుకుని నవ్వొచ్చింది కూడా.

ఎయిర్‌పోర్టు బండెక్కేటప్పుడు పోశన్న పెట్టె అందిస్తూ, మొహమాటం లేకుండా చెప్పేశాడు. "ఫైనల్‌ల నీ బిడ్డకు వెయ్య. ఆమెకు మస్తు పేరొచ్చింది. ఇప్పుడు అందరికంటె ఎనకవడ్డ పిల్లగాడున్నడు చూడు, ఇగ ఆయనే నా పార్టీ."

"ఫోనుకు రెండు ఓట్లుంటయి గదనే," అన్నాడు నర్సింగ్. "ఒకటి నా బిడ్డకు. ఇంకోటి నీ పార్టీకి. ఆ పిల్లగాని పేరు చెప్పు."

పోశన్న పేరు చెప్పాడు. మరుక్షణం ఆయన ముఖంలో దిగులు కనపడింది.

"ఇద్దరమైనం. ఇట్లయితే వాడు గెలుస్తడేమో."