ఆ ఎనభై ఎక్కడిది, మాస్టారూ?

మా ఫిజిక్స్ మాస్టారు పోయారని మొన్న సోమవారం పొద్దున్న తెలిసింది. నాతో చదువుకున్న స్నేహితురాలు ఫోన్ చేసింది. అరకులో ఆటో కోసం నిలబడి ఉన్నాను. "సారు ఇక లేరే" అంది. నేనూ ఇప్పుడు ఫిజిక్సే చెబుతున్నాను. ఆ రోజు బడికి వెళ్లి రెండు పీరియడ్లు మామూలుగానే చెప్పాను. మూడో పీరియడులో ఏడుపు ఆగలేదు. పిల్లలు పాపం కంగారుపడిపోయారు.

ఆయనది విజయనగరం వైపు. కింద మైదానాల నుంచి మా ఏజెన్సీ కొండల్లోకి వచ్చినవాళ్లు మామూలుగా బదిలీ కోసం ఎదురుచూస్తారు. ఈయన రిటైరయ్యేదాకా మా జూనియర్ కాలేజీలోనే ఉండిపోయారు. ఎండాకాలంలో కూడా స్వెట్టరు తీసేవారు కాదు. ఎవరేమన్నా "ఎవర్ని బట్టి?" అని, అంటే ఎవరితో పోల్చి చూస్తే అని, అడగడం ఆయన అలవాటు. బస్సు లేటంటే, ఎవర్ని బట్టి? చలి ఎక్కువంటే, ఎవర్ని బట్టి? ఒకసారి హాస్టల్ వంటామె "అన్నం లేటైపోనాది సారూ" అంటే ఆమెనీ అదే అడిగారు. "నా పొయ్యిని బట్టి! తడికర్రలు తెచ్చి పడేసి నన్నడుగుతారేటి?" అని ఆవిడ గరిటె చూపించింది. వారం రోజులు మాస్టారు ఆ మాటే అందరికీ చెప్పుకుని నవ్వారు.

నేను మొదటి సంవత్సరం ఫిజిక్స్ తప్పాను. అందులో సగం నా మొండితనమే. ఎదురెదురుగా రెండు రైళ్లు వస్తున్నాయి, ఒక్కోదాని వేగం గంటకు నలభై కిలోమీటర్లు. ఒకదాన్ని బట్టి రెండోదాని వేగం ఎనభై అని ఆయన బోర్డు మీద రాశారు. నేను లేచి, "రెండు బళ్లూ నలభైలోనే పోతన్నాయి కద సార్. ఎనభైలో పోయే బండే లేదు. మరి ఆ ఎనభై ఎక్కడిది?" అన్నాను. క్లాసంతా ఒకటే నవ్వు. ఆయన సుద్దముక్క జేబులో వేసుకుని, "నవ్వకండర్రా. మీరు తలూపేశారు, ఆ గుంట ఒక్కత్తే పోట్లాడతంది" అన్నారు. ఎన్ని రకాలుగా చెప్పినా నాకు ఎక్కలేదు. తీరా పరీక్షలో అదే లెక్క వచ్చింది. నమ్మనిది రాయడమేమిటని వదిలేశాను. అదేం పొగరో నాకు!

"ఈ పాలి కూడా పోతే సదువు సాలు. తోట పనిలోకి వచ్చీ" అన్నాడు నాన్న. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. సప్లిమెంటరీకి మూడు వారాలుంది.

సంగతి తెలిసి మాస్టారు కబురు పెట్టారు, డుంబ్రిగుడ సంత రోజు పొద్దున్నే మా కొండ దిగే కాలిబాట దగ్గరికి రమ్మని. బాట సన్నం కాబట్టి మావాళ్లు సంతకు ఒకరి వెనక ఒకరు వరసగా దిగుతారు, తలమీద గంపలతో, భుజాన కావిళ్లతో. "రెండు నిమిషాలు ఇక్కడ నిలబడు. నిన్ను దాటినోళ్లని లెక్కెట్టు" అన్నారు.

పుస్తకంలో గీతలు గీస్తున్నాను. గంపెత్తుకున్న ఒక ముసలమ్మ ఆగి, "నన్ను రాసుకున్నావేటమ్మా?" అంది. రాశానన్నాను. కాసేపటికి అదే ముసలమ్మ, అదే గంప, మళ్లీ వచ్చింది! తుప్పల వెనక నుంచి చుట్టు తిరిగొచ్చింది. "పోయిన పాలి పింఛను రాసినోళ్లు నన్నొగ్గేసినారు. ఇంకో గీత గీయి" అంది. మాస్టారు నవ్వు ఆపుకోలేక బండమీద కూలబడ్డారు. తర్వాత ఆమె పేరు, ఊరు నిజంగానే అడిగి రాసుకున్నారు. కనుక్కుంటానని మాటిచ్చి పంపి, నా చేత మళ్లీ మొదలుపెట్టించారు.

నిలబడితే పదకొండు మంది దాటారు. "ఇప్పుడు రెండు నిమిషాలు వాళ్లకి ఎదురు నడు. వాళ్ల నడకే నడు, పరిగెట్టకు." ఈసారి ఇరవై ఒక్కరు! ముసలమ్మ మళ్లీ తిరిగిందేమోనని అనుమానపడి చూశాను. ఆవిడ బుద్ధిగా సంతకేసి పోతోంది. జనం నడక మారలేదు. ఎవరూ పరిగెత్తలేదు.

"మరి ఆ పదిమందీ ఎక్కణ్ణించొచ్చారే?" అన్నారు మాస్టారు.

రెండు వరసల గీతలూ మళ్లీ లెక్కపెట్టాను. "వాళ్లు రాలేదు సార్. నేనే వాళ్ల కాడికి పోయాను."

"నీ నడక ఇన్నాళ్లూ లెక్కలో ఏసుకున్నావేటి?"

వేసుకోలేదు. రైళ్ల లెక్కలో నేనెప్పుడూ గట్టుమీద నిలబడే చూశాను. గట్టుమీద వాడికి రెండూ నలభైయే. రైల్లో కూర్చున్నవాడికి మాత్రం తన నలభై కూడా ఎదుటి బండిలోనే కనిపిస్తుంది, అదే ఆ ఎనభై. తర్వాత జనంతోపాటే నడవమన్నారు. రెండు నిమిషాలు నడిచినా ఒక్కరూ నన్ను దాటలేదు. "సున్నా సార్!" అని అరిచాను. ముందున్నావిడ గంప పట్టుకుని, "ఈ గుంటకేటైందిరా నాయనా" అంది.

పాసయ్యాను. మా ఊళ్లో సిగ్నల్ లేదు కాబట్టి ఆయనే కొండెక్కి వచ్చి చెప్పారు. నాన్న విని లేచాడు. లోపలికెళ్లి, నా ట్రంకుపెట్టె తలకెత్తుకుని కాలేజీ హాస్టల్ దారి పట్టాడు, వెనకే మాస్టారు, నేను. నాన్న నడక మా ఊళ్లో ఎవరికీ అందదు. ఎవరికోసమూ ఆగే మనిషి కాదు, అమ్మ కోసం కూడా. దిగుడులో మాస్టారు మోకాళ్లు పట్టేసి వెనకబడ్డారు. నాన్న ఒకసారి తిరిగి చూశాడు. ఆయన పక్కకొచ్చేదాకా ఆగి, అడుగులు చిన్నవి చేసుకున్నాడు. తలమీద అంత బరువుతో, రోడ్డు వచ్చేదాకా ఆయన నడకే నడిచాడు.