మేకుకు వేలాడిన కోటు

మంచుకొండల మీది సైనిక పోస్టుకు చేరేసరికి మధ్యాహ్నం మూడయింది. పడమటి గాలి. వంట బంకర్, పడుకునే బంకర్, వైర్‌లెస్ గూడు, మిగిలిందంతా మంచు. ఎండ బాగానే కాసింది, వేడి మాత్రం మాదాకా రాలేదు. అక్కడ నేను వైర్‌లెస్ ఆపరేటర్‌ని.

బయటికి వెళ్లే ప్రతివాడి కోటు జేబులో అగ్గిపెట్టెంత రేడియో మాడ్యూల్ ఉండేది. ప్రతిదానికీ ఒక అడ్రసు, పేరులాంటి నంబరు. అది ఆగి ఆగి ఓ చిన్న ప్యాకెట్ పంపుతుంది: నేను ఫలానా, ఫలానా చోట ఉన్నాను, ఈ కబురు బేస్ సెట్టుకు. బేస్ సెట్టంటే నా గూట్లో ఉన్నదే. పక్క పోస్టుల ప్యాకెట్లూ వచ్చి మా మీదే పడేవి. అందుకని ఆ రోజు బయటికి వెళ్లినవాళ్ల అడ్రసులే వినమని సెట్టుకు చెప్పేవాళ్లం. మిగతావాటిని అది చప్పుడు లేకుండా పారేస్తుంది. మన జహీరాబాద్ బస్టాండులో కండక్టర్ "కోహీర్, కోహీర్" అని అరిస్తే రాయికోడ్ వెళ్లేవాళ్లు తలెత్తరు కదా, అదే పద్ధతి.

పోస్టులో ఒక ఆచారం ఉండేది. బయటికి వెళ్లేవాడు అన్నిటికంటే పొడిగా ఉన్న కోటు తొడుక్కుపోతాడు. ఎవరిదని ఎవరూ అడగరు. పొయ్యి పుణ్యమా అని ఎప్పుడూ వంటవాడిదే పొడిగా ఉండేది.

ఒకరోజు కింది పోస్టుకు వెళ్లే టెలిఫోన్ తీగ తెగింది. కంటికి ఆనే దూరమేనని లైన్‌మన్‌ను ఒక్కడినే పంపారు. బీదర్ వాడు, మన పొరుగే. కాసేపటికి మంచుగాలి లేచి, కంటికి చెయ్యి కూడా ఆనకుండా పోయింది. మీ లైన్‌మన్ ఇంకా రాలేదేమని కింది పోస్టు వైర్‌లెస్‌లో అడిగింది. నా తెర మీద మాత్రం అతని అడ్రసు ఠంచనుగా పలుకుతోంది. సిగ్నల్ పుష్కలం, బంకర్లోనే ఉన్నట్టు. కమాండర్ సాబ్ బంకర్లన్నీ వెతికించారు. మనిషి లేడు. చీకటి పడేలోపు దొరక్కపోతే ఆ చలికి మిగలడు. అందరం గాలి గురించే మాట్లాడుకున్నాం. సైన్యంలో మర్యాద ఎక్కువ.

అప్పుడు వంటవాడు గూట్లోకి తొంగిచూశాడు. కోహీర్ వాడు. చాయ్‌కి మంచు తేవడానికి బయలుదేరాడట.

"అన్నా, నా కోటు చూసినవా? మేకుకు లైన్‌మన్‌ది ఉన్నది. నాదే లేదు."

పడుకునే బంకర్‌కు పరుగెత్తాను. తడి కోటు వేలాడుతోంది. జేబు బట్టలోంచి ఆకుపచ్చ దీపం మిణుకుమంటోంది. లోపల మనిషి లేకుండానే, నేనిక్కడే క్షేమంగా ఉన్నానని కబురు పంపుతోంది. అసలు మనిషి మంచులో వంటవాడి అడ్రసుతో పిలుస్తున్నాడు. వంటవాడు బయటికి వెళ్లలేదు గనుక సెట్టు ఆ పిలుపును పారేస్తోంది.

గూట్లోకి వెనక్కి వచ్చి, అడ్రసుల ఫిల్టర్ తీసేశాను. చుట్టుపక్కల ప్యాకెట్లన్నీ సంతలా తెర మీద పడ్డాయి. వాటి మధ్య వంటవాడి అడ్రసు. వాలు కింద, పెద్ద బండ ఉన్న చోటు.

"సాబ్, దొరికిండు," అన్నాను. సాబ్‌కు తెలుగు రాదు. అర్థమైంది.

తాడు పట్టుకుని ఇద్దరు వెళ్లారు. వెలుతురుండగానే తెచ్చారు. చీలమండ బెణికింది, అంతే. వంటవాడు అతన్ని కిందినుంచి పైదాకా చూశాడు.

"కోటు జర దులిపియ్యి. చాయ్‌కి నీళ్లు లేవు."

"జర ఊపిరి తీసుకోనియ్యి భయ్యా."

"తీస్కో. కోటిచ్చి తీస్కో."

కోటు ఎవరిదైనా తొడుక్కోండి, మాడ్యూల్ మాత్రం ఎవరిది వాళ్ల దగ్గరే ఉండాలని మర్నాడు ఆర్డరు వచ్చింది.

డ్యూటీ ముగిసి, మన చిరాగ్‌పల్లి దాటి బస్సు ఊళ్లోకి తిరిగిన రోజు రాత్రి హాయిగా నిద్రపోయాను. ఇప్పటికీ బాగానే నిద్రపోతాను. ఒక్కటే అలవాటు మిగిలింది. మేకుకు మా అబ్బాయి చొక్కా కనబడితే, పిల్లగాడు ఏడని అడుగుతాను.

"తానం చేస్తున్నడు. ఫికర్ చెయ్యకు," అంటుంది మా ఆవిడ.

నమ్ముతాను. నీళ్ల చప్పుడు వినబడేదాకా మాత్రం ఆ చొక్కా జేబులో ఆకుపచ్చ దీపం మిణుకుమంటూనే ఉంటుంది.