ఇప్పుడొద్దన్న పెద్దాయన

సూరత్‌లో నర్సింగ్ చదివేటప్పుడు, రోగి గౌరవం గురించిన పాఠానికి మా మేడమ్ నన్నే రోగిలా మంచం మీద పడుకోబెట్టారు. తోటివాళ్లు చుట్టూ నిలబడి, నేను అక్కడ లేనట్టే నా కాళ్ల గురించి, కడుపు గురించి మాట్లాడుకున్నారు. ఎలా ఉందని మేడమ్ అడిగితే ఏమీ అనిపించలేదన్నాను. నిజంగానే అనిపించలేదు.

మర్నాడు వార్డులో ఒక పెద్దాయనకు కట్టు మార్చమన్నారు. పవర్‌లూమ్ కార్ఖానాలో ఆయన తొడకు గాయమైంది. మా నాన్నలాగే కరీంనగర్ వైపు మనిషి. తెర లాగి తెలుగులోనే అడిగాను.

"పెద్దయ్యా, జర దుప్పటి తీయాలె. తీయనా?"

ఆయన నా ముఖం వైపు అలాగే చూశాడు.

"నన్నే అడుగుతున్నవా బిడ్డా? గిన్ని దినాలల్ల ఎవ్వలూ అడగలే." దుప్పటి అంచు పట్టుకుని, "అయితే ఇప్పుడొద్దు" అన్నాడు.

ఆయన సరేనంటాడనుకునే అడిగాను. ఏం చేయాలో తోచక మేడమ్‌తో చెప్పాను. ఆవిడ గడియారం చూసుకుని, ఆగుదామన్నారు.

మధ్యాహ్నం ఆయన భార్య అన్నం డబ్బాతో వచ్చింది. ఆమె చెయ్యి పట్టుకుని ఆయనే నన్ను పిలిచాడు.

"ఇగ తియ్యి బిడ్డా."

కట్టు మార్చాను. బాగా చేశావని మేడమ్ అన్నారు. నాకు సంతోషం గానీ బాధ గానీ కలగలేదు. చేతులు కడుక్కుని పక్క మంచం దగ్గరికి వెళ్లాను.