తిరగేసి రాసిన పేరు

మా ఆయన ఎవరింటికి వెళ్ళినా మనుషులకన్నా ముందు గోడల్ని పలకరిస్తారు. అరచేత్తో తడుముతారు, గోటితో గీకుతారు, చెవి ఆనిస్తారు. ఆయన సెంట్రింగ్ మేస్త్రి. కాంక్రీటు పోయడానికి ముందు పలకలు బిగించడం, అది గట్టిపడ్డాక వాటిని ఊడదీయడం, నలభై ఏళ్ళుగా ఇదే పని. పలక పోయినా దాని గీతలు గోడ మీద ఉండిపోతాయి. అవి చూసి ఏ పలక ముందు కొట్టారో, ఎవడు బద్ధకించాడో చెప్పేస్తారు. పెళ్ళిచూపులకి మా ఇంటికి వచ్చినప్పుడు వరండా కప్పు చూసి "పనితనం బాగుంది" అన్నారు. నా గురించే అనుకుని సిగ్గుతో చచ్చిపోయాను.

మా మామగారిదీ అదే పని. యుద్ధం రోజుల్లో సైన్యం వాళ్ళు సముద్రం ఒడ్డున ఫిరంగి గదులు కట్టిస్తూ, చెక్కపని తెలిసినవాళ్ళందరినీ లాక్కెళ్ళారు. మొత్తం ఏడు గదులు, మనిషి బారెడు మందం గోడలు. ఏడోది మా వీధి చివరే, ఇసుకదిబ్బలో సగం కూరుకుపోయి ఉంటుంది. ఒకరోజు పొద్దున పనికి వెళ్ళిన మామగారు మళ్ళీ రాలేదు. అప్పటికి మా ఆయన ఇంకా అత్తయ్య కడుపులోనే ఉన్నారు.

చావు కబురు రాలేదు, శవమూ రాలేదు. ఇంకేం, పెళ్ళాన్ని వదిలేసి పారిపోయాడని ఊరంతా తీర్పు చెప్పేసింది. బడిలో మా ఆయన పేరు 'పారిపోయినోడి కొడుకు'. అత్తయ్యా అదే నమ్మింది. "ఆ మనిషి ఊసు నా దగ్గర ఎత్తకండి" అని అరవై ఏళ్ళు ఒంటికాలి మీద లేచింది. ఎత్తేది మాత్రం ఎప్పుడూ ఆవిడే.

మామగారికి ఒక అలవాటుండేదట. ప్రతి గదిలో ఆఖరి పలక మీద, కాంక్రీటు తగిలే వైపు, మేకుతో అత్తయ్య పేరు తిరగేసి చెక్కేవారు, అద్దంలో కనిపించినట్టు. పలక ఊడదీస్తే గోడ మీద పేరు సూటిగా, ఉబ్బెత్తుగా తేలుతుంది. "కోట వాళ్ళది, పేరు నా పెళ్ళానిది" అని మురిసిపోయేవారట. ఆరు గదుల్లో ఆ పేరు నేనూ చూశాను. ఏడో గదిలో లేదు. మా ఆయన అందులో అంగుళం అంగుళం వెతికారు. "వెనక గోడ మా నాన్న పని కాదే, ఎవడో హడావిడిగా కొట్టేశాడు" అనేవారు. పేరు లేదు కాబట్టి ఏడోది పూర్తికాకముందే ఉడాయించాడని ఊరికి ఇంకో సాక్ష్యం దొరికింది.

మొన్నటి తుఫానుకి సముద్రం ఆ దిబ్బను కొరికేసింది. గది ఒరిగిపోయి, వెనక గోడ నిలువునా చీలింది. చీలికలోంచి తుప్పుపట్టిన ఇనుప తలుపు, దాని పక్క సందులోంచి ఇంకో చీకటి గది కనిపించాయి. అలాంటి గది ఉందనే ఎవరికీ తెలియదు. అత్తయ్య అప్పటికే మంచం పట్టి నెల. డాక్టరు పెదవి విరిచేశాడు. సంగతి వినగానే కొడుకు చెయ్యి పట్టుకుంది.

"వెళ్ళి చూసి రారా. నన్ను కాదని పోయాడో, పోలేదో. అది తేలితే చాలు, హాయిగా కళ్ళు మూస్తాను."

మిట్టమధ్యాహ్నం వెళ్ళాం. ఆయన్ని ఒక్కరినే పంపే ధైర్యం లేక నేనూ బయల్దేరాను. తలుపుకి బయటవైపు గడియ పడి ఉంది. ఆ గడియ మీదే వెనక గోడ పోసేశారు. మా ఆయన గడ్డపారతో తలుపు కదిలించి, ఒళ్ళు వంచుకుని దూరారు. నేను దూరగానే సముద్రం హోరు ఠక్కున ఆగిపోయింది. వెనక నుంచి ఎవరో ఊపిరి తీస్తున్నట్టు వినిపించింది. నేను ఊపిరి బిగబట్టాను. అయినా వినిపించింది. మా ఆయనదే అయ్యుంటుందని సర్దిచెప్పుకున్నాను. ఇంటికొచ్చాక అడిగితే, ఆ క్షణంలో ఆయనా బిగబట్టారట.

టార్చి వెలుగులో చూస్తే ఒక గోడకి పలకలు ఊడదీసి, మూలన పొందికగా పేర్చి ఉన్నాయి. మిగతా గోడలకి అలాగే ఉన్నాయి.

"సగం పనిలో ఆగిపోయింది" అన్నారు మా ఆయన.

తలుపు లోపలివైపు వెలుగు వేశారు. ఇనుము నిండా సుత్తి దెబ్బల సొట్టలు, వందల్లో ఉన్నాయి. మామగారు పోయిన రోజు విమానాలొచ్చాయని, సైన్యం అన్నీ మూసేసి వెళ్ళిపోయిందని ముసలివాళ్ళు చెప్పగా విన్నాను. లోపల మనిషున్నాడని చూడకుండా మూశారో, చూసే మూశారో, ఇప్పుడు ఎవర్ని నిలదీయాలి?

అప్పుడు కనిపించింది అత్తయ్య పేరు. పలకలకి గదివైపు ఎవరూ ఏమీ రాయరు, ఎలాగూ ఊడదీసి పట్టుకుపోయేవే కదా. ఇక్కడ ఆ వైపే రాసుంది, అదీ సూటిగా. చెయ్యి అందినంత ఎత్తు నుంచి వరసలు వరసలుగా దిగుతూ వచ్చింది. నడుం ఎత్తుకి వచ్చేసరికి అక్షరాలు వంకర్లు పోయాయి. నేల దగ్గర ఒకచోట మొదటి అక్షరం మాత్రమే ఉంది. దాని పక్కన ఇసుక పోగుపడి ఉంది. అటు వెలుగు వేయబోతే మా ఆయన చెయ్యి పట్టుకుని ఆపేశాను. చాలు, ఇంక చూడలేననిపించింది.

దారిలో ఆయన చిన్నపిల్లాడిలా ఏడ్చారు. "పలక మీద తిరగేసే ఉందని చెప్పేద్దామే. పని ముగించుకుని పోయాడనుకుంటుంది. ఇన్నాళ్ళూ తిట్టింది, ఇంకో నాలుగు రోజులు తిడుతుంది. ఇది మాత్రం తెలియకూడదు."

నాకు ఒళ్ళు మండింది. "అరవై ఏళ్ళు తిట్లు తిన్నది చాలదా ఆ మహానుభావుడు? చచ్చాక కూడా పారిపోయినోడేనా?"

అత్తయ్య మమ్మల్ని చూస్తూనే తల ఎత్తింది. "నా పేరుందా?"

"ఉందమ్మా, పలకల మీద."

"తిరగేసుందా? సూటిగా ఉందా?"

మేస్త్రి పెళ్ళాం కదా, అడగాల్సిందే అడిగింది. తిరగేసుంటే పని చేసి వెళ్ళాడు. సూటిగా ఉంటే అది గోడ కోసం రాసింది కాదు, లోపలే ఉండిపోయాడు. మా ఆయన కప్పు వైపు చూస్తూ నిలబడ్డారు. నా నోరు ఆగుతుందా?

"సూటిగా ఉంది అత్తయ్యా. గది నిండా మీ పేరే."

అత్తయ్య జుట్టు సవరించుకుని, పమిట సర్దుకుంది. "అయితే నన్ను వదిలేసి పోలేదన్నమాట" అంది. ఆ ముఖంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు. నిజం చెప్పి మంచిపని చేశానని నాకు గర్వంగా కూడా అనిపించింది. అంతలోనే ఆవిడ ముఖం మారింది.

"ఒరేయ్, ఆ గది కప్పులో గాలి గొట్టం లాంటిదేమన్నా ఉందా?"

"ఉందమ్మా. నీకెలా తెలుసు?"

"మీ నాన్న పోయాక నాలుగు రోజులు ఆ దిబ్బ మీదే కూర్చున్నాను. ఏ పడవెక్కి పోయాడోనని సముద్రం చూస్తూ. ఇసుకలో గొట్టం మూతి కనిపించేది. అందులోంచి టంగుటంగుమని ఒకటే చప్పుడు. సైన్యం వాళ్ళు ఇంకా కింద ఏదో పని చేయిస్తున్నారనుకున్నాను. ఒళ్ళు మండిపోయింది. 'మీ పని తగలెయ్య, ఇంకా ఎవరి మొగుళ్ళని తింటార్రా' అని అరిచి, దోసిళ్ళతో ఆ గొట్టం నిండా ఇసుక పోసేసి వచ్చాను."

తన అరచేతులు రెండూ తిప్పి చూసుకుంది.

"మర్నాడు వెళితే చప్పుడు లేదు" అంది అత్తయ్య.